నారుమడిలో పంట లెక్క అడగవద్దు: జాలహళ్ళి నుంచి హోసూరు దాకా ఒక వాచీ చరిత్ర

ఈసారి వ్యాసం కొంచెం పొడవు. ఆదివారం కాఫీ తాగుతూ తీరిగ్గా చదువుకోండి.

బెంగళూరు, చెన్నై, పుణె, ఎక్కడ చూసినా మన పిల్లలు పెద్ద పెద్ద కంపెనీల్లో పనిచేస్తున్నారు. ఇంటికొచ్చినప్పుడు వాళ్ళ నోట తరచూ వినపడే మాట "ఇన్నోవేషన్". దానికో విభాగం, దానికో మేనేజరు, ఏడాదికోసారి దానికో పండుగ. అయినా వాళ్ళే ఇంకో మాట కూడా అంటారు: "కొత్త ఆలోచన చెప్తే మొదటి మీటింగులోనే చచ్చిపోతుంది మామయ్యా". డబ్బుంది, ఇంజనీర్లున్నారు, పేరుంది. మరి పెద్ద సంస్థల్లో కొత్త ఆలోచన మొలక దశలోనే ఎందుకు వాడిపోతుంది? ఏ సంస్థలో బతుకుతుంది, ఎందుకు బతుకుతుంది?

దీనికి అమెరికా ఉదాహరణలు బోలెడు దొరుకుతాయి. కానీ మన కళ్ళ ముందే, బెంగళూరుకు ఉత్తరాన జాలహళ్ళిలోనూ దక్షిణాన హోసూరులోనూ, ఇంతకన్నా మంచి పాఠం జరిగింది. జాలహళ్ళిలో హెచ్.ఎం.టి. వాచీ ఫ్యాక్టరీ, హోసూరులో టైటాన్. రెండు చోట్లా మనవాళ్ళు పనిచేశారు, రెండింటి చుట్టూ మన కుటుంబాలున్నాయి. ఒకటి మూతపడింది, రెండోది పెరిగింది. "ఒకటి ప్రభుత్వానిది, ఇంకొకటి టాటాలది, అంతే కదా" అని తేల్చేస్తే పాఠం సగమే అందుతుంది. కథ జపాన్ నుంచి మొదలుపెట్టాలి.

గదంత యంత్రం మణికట్టు మీదికి

కీ ఇచ్చే వాచీలో స్ప్రింగు చుట్టుకుని, మెల్లగా విప్పుకుంటూ, పళ్ళచక్రాలను తిప్పుతుంది. ఎంత బాగా చేసినా రోజుకు కొన్ని సెకన్ల తేడా తప్పదు. క్వార్ట్జ్ వాచీ పద్ధతి వేరు. క్వార్ట్జ్ అనే స్ఫటికానికి కరెంటు తగిలిస్తే అది ఒకే వేగంతో కంపిస్తుంది. ఈనాటి మామూలు వాచీల్లో ఆ వేగం సెకనుకు 32,768 సార్లు. ఆ అంకెను 15 సార్లు సగం చేస్తూ పోతే ఒకటి మిగులుతుంది. అంటే సరిగ్గా సెకనుకు ఒక దెబ్బ. ఆ దెబ్బకు ముల్లు ఒక అడుగు వేస్తుంది.

ఈ సూత్రం వాచీలవాళ్ళకు కొత్తది కాదు. చిక్కల్లా పరిమాణంతోనే. 1950లలో క్వార్ట్జ్ గడియారమంటే బీరువా అంత ఉండేది. జపాన్‌లో సీకో బృందానికి చెందిన సువా ఫ్యాక్టరీలో 1959లో "59ఏ" అనే పేరుతో ఒక చిన్న జట్టును దీని మీద కూర్చోబెట్టారు. అప్పటికి సీకో కీ వాచీలు బాగానే అమ్ముకుంటోంది. కొత్తదాని అవసరం ఆ రోజు లాభనష్టాల పట్టీలో ఎక్కడా కనపడదు.

వాళ్ళు నేరుగా చేతివాచీకి వెళ్ళలేదు. ముందు బీరువాను చిన్నది చేశారు. 1964 టోక్యో ఒలింపిక్స్ నాటికి సుమారు 3 కిలోల బరువున్న, చేత్తో మోసుకెళ్ళగలిగిన క్వార్ట్జ్ గడియారం సిద్ధమైంది. ఆటల పోటీల్లో దాన్ని వాడారు. ఆ తరువాత ఇంకా చిన్నది చేస్తూ పోయారు. 1969 డిసెంబర్ 25న "ఆస్ట్రాన్" అనే చేతివాచీ బజారుకొచ్చింది. ధర 4,50,000 యెన్‌లు, ఆ రోజుల్లో అక్కడ ఒక చిన్న కారు ధర. తేడా నెలకు 5 సెకన్లు మాత్రమే. పదేళ్ళ పని అది. ఈ పదేళ్ళలో ఎవరైనా "ఈ సంవత్సరం ఎన్ని అమ్మారు?" అని అడిగివుంటే ప్రతిసారీ జవాబు సున్నానే. వాళ్ళు అడిగింది "నిరుటికన్నా ఎంత చిన్నదైంది? ఎంత తక్కువ కరెంటు తింటోంది?" అని.

మన ఊళ్ళలో వరి వేసినవాళ్ళకు ఇది చెప్పనక్కర్లేదు. ముందు నారు పోస్తాం. నారుమడి చిన్నది. అక్కడ చూసేది మొలక బాగుందా, తెగులు తగిలిందా, నీరు నిలిచిందా అన్నవే. "ఈ మడిలో ఎన్ని బస్తాలు పండుతాయి?" అని ఎవరూ అడగరు. ఆ ప్రశ్న పొలానిది. నాట్లు పడ్డాక అడగాలి. సీకో యాజమాన్యం నారుమడి లెక్కలు వేరు, పొలం లెక్కలు వేరు అని తెలుసుకుంది.

మంది ఎక్కువైతే

స్విట్జర్లాండ్ నిద్రపోయిందని, క్వార్ట్జ్‌ను పట్టించుకోలేదని ఒక కథ మేనేజ్‌మెంట్ ఉపన్యాసాల్లో తిరుగుతూ ఉంటుంది. అది సరైన మాట కాదు. స్విస్ కంపెనీలు చేతులు కలిపి 1962లో న్యూషాటెల్ పట్టణంలో ఎలెక్ట్రానిక్ వాచీల పరిశోధన కేంద్రాన్ని పెట్టాయి. ఆ కేంద్రం 1967లోనే క్వార్ట్జ్ చేతివాచీ నమూనాను నడిపి చూపించింది, అంటే సీకో బజారుకు రావడానికి రెండేళ్ళ ముందే. తెలివి తక్కువై ఓడిపోలేదు వాళ్ళు.

మరి ఎక్కడ తప్పింది? ఆ కేంద్రం అందరిదీ. దాదాపు 20 కంపెనీలు కలిసి 1970లో "బీటా 21" అనే యంత్రంతో వాచీలు తెచ్చాయి. ఒకే యంత్రం, పైన రకరకాల పేర్లు. అందరి బిడ్డ కాబట్టి ఎవరి బిడ్డా కాలేదు. ప్రతి కంపెనీకీ అసలు కూడు కీ వాచీలే పెట్టేవి. దాన్ని పక్కనపెట్టి దీన్ని ఎత్తుకునే మేనేజరు ఎక్కడా లేడు. మందెక్కువైతే మజ్జిగ పలచన అని మనవాళ్ళు ఊరికే అనలేదు. ఫలితం భయంకరం. 1970లో స్విస్ వాచీ పరిశ్రమలో సుమారు 90 వేల మంది ఉంటే, 1980ల నడిమికి 30 వేల చిల్లర మిగిలారు. ఊళ్ళకు ఊళ్ళు పనిలేక కూర్చున్నాయి.

అదే స్విట్జర్లాండ్‌లో, ఆ చీకట్లోనే, ఇంకో సంగతి జరిగింది. వాచీల లోపలి యంత్రాలు చేసే ఈటా అనే కంపెనీ ఉంది. 1979లో అక్కడివాళ్ళు మొత్తం మందం 2 మిల్లీమీటర్లకన్నా తక్కువున్న వాచీ చేశారు. దానికోసం వాచీ వెనక మూతనే లోపలి పలకగా వాడేశారు. అది ధనవంతుల వాచీ. కానీ అక్కడే పనిచేసే ఎల్మార్ మాక్ అనే కుర్ర ఇంజనీరుకు ఒక ఆలోచన వచ్చింది: ఇదే పద్ధతిని ప్లాస్టిక్‌తో, చవకగా ఎందుకు చేయకూడదు? 1980 మార్చిలో అతను సుమారు 5 లక్షల స్విస్ ఫ్రాంకుల ఖరీదైన ప్లాస్టిక్ అచ్చు యంత్రం కావాలని కోరాడు. కంపెనీ నష్టాల్లో ఉన్న రోజులు. అధిపతి ఎర్న్‌స్ట్ టోమ్‌కే పిలిచి సంజాయిషీ అడిగాడు. పిలుపు వచ్చాక ఉన్న కొద్దిపాటి వ్యవధిలోనే మాక్, తన తోటి ఇంజనీరు జాక్ ముల్లర్‌తో కూర్చుని, రంగు పెన్సిళ్ళతో ఒక బొమ్మ గీసుకుని వెళ్ళాడు.

టోమ్‌కే కోప్పడి పంపేయవచ్చు. కమిటీకి పంపవచ్చు, అది అంతకన్నా నెమ్మదైన చావు. అతను ఆ రెండూ చేయలేదు. ఆ కాగితాన్ని తీసుకుని పని మొదలుపెట్టమన్నాడు. 1983 మార్చి 1న ఆ వాచీ "స్వాచ్" పేరుతో బజారుకొచ్చింది. అందులో భాగాలు 51 మాత్రమే. అంతకుముందు మామూలు వాచీకి 90కి పైగా పట్టేవి. కోట్ల సంఖ్యలో అమ్ముడుపోయి, స్విస్ వాచీ పరిశ్రమను మళ్ళీ నిలబెట్టిన వాటిలో అది ముఖ్యమైనది.

పరిశోధన కేంద్రానికి డబ్బూ, మేధావులూ, నమూనా అన్నీ ఉన్నాయి. లేనిది "ఇది నాది" అనే మనిషి. మాక్ దగ్గర ఉన్నది ఒక బొమ్మ మాత్రమే. కానీ అడిగేవాడొకడు, అవుననే అధికారం ఉన్నవాడొకడు ఎదురెదురుగా కూర్చున్నారు.

జాలహళ్ళి

ఇప్పుడు మన గడప దగ్గరికి వద్దాం. హిందుస్థాన్ మెషిన్ టూల్స్ 1953లో బెంగళూరులో మొదలైంది. పేరులోనే ఉంది, అది యంత్రాలను చేసే యంత్రాల కంపెనీ. అలాంటి సంస్థ 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సహకారంతో చేతివాచీలు మొదలుపెట్టింది. నెహ్రూ చేతుల మీదుగా తొలి వాచీలు విడుదలయ్యాయి. "జనతా", "పైలట్", "సోనా", "కోహినూర్", "కాంచన్" అనే పేర్లు చెబితే మన పెద్దవాళ్ళ ముఖాలు ఇప్పటికీ వెలుగుతాయి. పదో తరగతి పాసైతే హెచ్.ఎం.టి., అల్లుడికి హెచ్.ఎం.టి., రిటైర్‌మెంటుకు హెచ్.ఎం.టి. తన జీవితకాలంలో 10 కోట్లకు పైగా వాచీలు చేసిన సంస్థ అది.

ఇక్కడ ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. 1961లో హెచ్.ఎం.టి. వాచీయే ఒక నారుమడి. లేతు యంత్రాలు చేసే సంస్థకు వాచీలెందుకు అని అప్పుడు అనుకుని ఉంటే ఆ కథే లేదు. ప్రభుత్వ సంస్థ కాబట్టి కొత్తది చేయలేకపోయింది అనేవాళ్ళకు మొదటి జవాబు ఇదే.

రెండో జవాబు: హెచ్.ఎం.టి.కి క్వార్ట్జ్ తెలియకపోవడం కాదు. 1980ల తొలినాళ్ళలోనే అది క్వార్ట్జ్ వాచీలు తెచ్చింది. ధర ఎక్కువైంది, బ్యాటరీ అలవాటు జనానికి లేదు, అమ్మకాలు అనుకున్నట్టు సాగలేదు. మన దేశానికి కీ వాచీయే సరి అన్న నమ్మకం గట్టిపడింది. ఫ్యాక్టరీల బలమంతా కీ వాచీల మీదే ఉండిపోయింది. జనతా వాచీ కోసం జనం వరుసలో నిలబడే రోజుల్లో ఆ నమ్మకాన్ని ప్రశ్నించడం ఎవరికైనా కష్టమే. బాగా పండుతున్న పొలాన్ని చూసి నారుమడిని వదిలేయడం మనుషులు మామూలుగా చేసే పనే.

పైగా ఆ సంస్థ భుజాల మీద వ్యాపారం కాని బరువులు చాలా ఉన్నాయి. శ్రీనగర్‌లో, నైనీతాల్ దగ్గర రాణీబాగ్‌లో ఫ్యాక్టరీలు పెట్టింది. వాటి వెనక ఆ ప్రాంతాలకు ఉపాధి అందించాలన్న ఆశయం ఉంది. నిర్ణయాలు మంత్రిత్వ శాఖ దాకా వెళ్ళి రావాలి. పొరపాటు జరిగితే ఆడిట్ అడుగుతుంది. పొరపాటు జరుగుతుందేమోనని ఏమీ చేయకుండా కూర్చుంటే మాత్రం ఎవరూ అడగరు. మొలక దశకు ఇంతకన్నా పెద్ద తెగులు లేదు, ఇది ప్రైవేటు కంపెనీల్లోనూ ఉంది.

హైదరాబాదులో ఆల్విన్‌దీ ఇలాంటి దారే. ఫ్రిజ్‌లు, బస్సు బాడీలు చేసిన ఆ ప్రభుత్వ సంస్థ సీకో సాంకేతిక సహకారంతో వాచీలు చేసింది. క్వార్ట్జ్ పుట్టించినవాళ్ళే తోడుగా ఉన్నా అది నిలవలేదు. సాంకేతికత కొనుక్కుంటే వస్తుంది. దాన్ని ఏం చేయాలన్న ఆలోచన కొంటే రాదు.

హోసూరు

టైటాన్ ఆలోచన పుట్టింది వాచీ కంపెనీలో కాదు, టాటా ప్రెస్ అనే అచ్చాఫీసులో. దాని అధిపతి జెర్‌క్సెస్ దేశాయి 1970ల చివరలో కొత్త వ్యాపారం కోసం వెతుకుతూ వాచీల మీద దృష్టి పెట్టాడు. లైసెన్సుల కాలం అది. చివరికి టాటాలూ, తమిళనాడు పారిశ్రామికాభివృద్ధి సంస్థ టిడ్కో కలిసి 1984లో టైటాన్ వాచెస్ కంపెనీని పెట్టారు. టైటాన్ కూడా పూర్తిగా ప్రైవేటు బిడ్డ కాదన్నమాట, అందులో ఒక రాష్ట్ర ప్రభుత్వ సంస్థ చేయి ఉంది.

ఆలోచనకూ కంపెనీకీ మధ్య కొన్నేళ్ళు గడిచాయి. ఆ ఏళ్ళలో పెద్ద ఫ్యాక్టరీ లేదు, పెద్ద ఖర్చు లేదు. కొద్దిమంది మనుషులు, ప్రయాణాలు, ప్రశ్నలు, అంతే. వాళ్ళు వేసుకున్న ముఖ్యమైన ప్రశ్న "వాచీ ఎలా చేయాలి?" అన్నది కాదు, "వాచీ ఎందుకు కొంటారు?" అన్నది. హెచ్.ఎం.టి. దృష్టిలో వాచీ టైము చూసుకునే పనిముట్టు. ఒకటి కొంటే ఇరవై ఏళ్ళు. టైటాన్ దాన్ని అలంకారంగా చూసింది. అలంకారమైతే ఒకటి సరిపోదు, ఆడవాళ్ళకు వేరే ఉండాలి, పండక్కి వేరే ఉండాలి, బహుమతిగా ఇవ్వాలి. క్వార్ట్జ్ యంత్రం పలచన కాబట్టి రకరకాల ఆకారాలు కుదురుతాయి. దాంతో ప్రధానంగా క్వార్ట్జ్ మీదే నిలబడాలన్న నిర్ణయం జరిగింది. 1987 చివరలో బెంగళూరు సఫీనా ప్లాజాలో మొదటి షోరూం తెరిచారు. అంతకుముందు వాచీ కొట్టంటే అద్దాల బల్ల వెనక కూర్చున్న ఒక పెద్దమనిషి. ఇక్కడ మాత్రం నగల కొట్టులా వెలుతురు.

ఫ్యాక్టరీకి హోసూరు వెనకబడిన ప్రాంతంగా కలిసొచ్చింది. అప్పటికది ధర్మపురి జిల్లా. తెలుగు, కన్నడం, తమిళం మూడూ ఒకే వీధిలో వినపడే ఊరు. హెచ్.ఎం.టి.లో పని నేర్చిన కొందరు ఇంజనీర్లు ఇటు వచ్చారు. చుట్టుపక్కల బళ్ళలో చదువు ముగించిన కుర్రాళ్ళను, ఆడపిల్లలను తీసుకుని పని నేర్పించారు. జాలహళ్ళి విత్తనమే హోసూరులో మొలిచిందంటే తప్పు లేదు. మనిషి అదే, నైపుణ్యం అదే, మడి మారింది.

టైటాన్ వేసినదల్లా పండలేదు. విదేశీ మారకం కోసం మొదలుపెట్టిన నగల వ్యాపారం "తనిష్క్"గా మారి 1996లో చెన్నైలో మొదటి కొట్టు తెరిచినప్పుడు, అక్కడ ఉన్నవి 18 కేరట్ల నగలు. యూరప్ పద్ధతి. మన ఇళ్ళలో బంగారమంటే 22 కేరట్లు, రేపు అవసరానికి పనికొచ్చే ఆస్తి. నష్టాలొచ్చాయి, మూసేయమన్న మాటలూ వచ్చాయి. వాళ్ళు అనుకున్నదాన్ని పట్టుకుని కూర్చోలేదు, అలాగని మడిని దున్నేయనూ లేదు. 22 కేరట్లకు మారారు. బంగారం స్వచ్ఛత చూపించే కేరట్‌మీటర్ అనే యంత్రాన్ని కొట్లో పెట్టి, ఇంట్లో ఉన్న నగలు తెచ్చి చూసుకోమన్నారు. తరతరాల ఇంటి కంసాలి మీదున్న నమ్మకంతో పోటీపడటానికి అదే దారి. ఈరోజు టైటాన్ రాబడిలో వాచీలకన్నా నగలదే చాలా పెద్ద వాటా.

2002లో వచ్చిన "ఎడ్జ్" వాచీ కూడా ఈ మడిలోదే. మొత్తం మందం 3.5 మిల్లీమీటర్లు, లోపలి యంత్రం 1.15 మిల్లీమీటర్లు. హోసూరు ఇంజనీర్లు కొన్నేళ్ళ పాటు తంటాలు పడి సొంతంగా చేసినది.

మనకు మిగిలేది

2016 జనవరిలో హెచ్.ఎం.టి. వాచెస్‌ను మూసేయడానికి కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. తుమకూరు వాచీ ఫ్యాక్టరీ స్థలం తరువాత ఇస్రో చేతికి వెళ్ళింది. క్వార్టర్స్‌లో పెరిగిన పిల్లలు, స్వచ్ఛంద విరమణ తీసుకుని యాభై ఏళ్ళ వయసులో కొత్త పని వెతుక్కున్న తండ్రులు మన కుటుంబాల్లోనూ ఉన్నారు. వాళ్ళ పనితనంలో లోపం లేదు. ఇప్పటికీ వాళ్ళు బిగించిన పైలట్ వాచీకి కీ ఇస్తే నడుస్తుంది. తప్పిందల్లా ఇరవై ఏళ్ళ ముందు, పంట బాగున్న రోజుల్లో, పక్కన వేయాల్సిన చిన్న మడి. దాని ధరను నిర్ణయం తీసుకున్నవాళ్ళకన్నా బల్లల దగ్గర కూర్చుని పనిచేసినవాళ్ళే ఎక్కువ చెల్లించారు. ఈ చరిత్ర రాయాలని మాకు అనిపించింది అందుకే.

పెద్ద కంపెనీల్లో పనిచేస్తున్న మన పిల్లలకు ఈ కథలోంచి మేము చెప్పగలిగేది ఇంతే. కొత్త ఆలోచనను పాత వ్యాపారం తక్కెడలో తూచవద్దు, నేర్చుకున్నది ఎంతో చూడండి. అందరికీ అప్పజెప్పవద్దు, ఒక మనిషికి అప్పజెప్పి, అవుననగలిగే పెద్దను ఒకరిని తోడివ్వండి. మొదటి ప్రయత్నం అమ్ముడుపోకపోతే "జనానికి వద్దు" అని తేల్చేముందు, వాళ్ళు ఏ కేరట్ అడుగుతున్నారో వినండి. ఖర్చు చిన్నగా ఉన్నప్పుడే తప్పులు చేయండి. నారుమడిలో పోయిన విత్తనం గుప్పెడే.

పెద్ద సంస్థ అంటే కంపెనీయే కానక్కర్లేదు. దశాబ్దాల నాటి సంఘం కూడా పెద్ద సంస్థే. ఉగాది సభలు నిండుగా జరుగుతాయి, ఇక కొత్తదెందుకు అనిపిస్తుంది. కానీ ఆ సభల్లో ముందు వరుసల తలలు నెరుస్తున్నాయి. ఎవరో ఒక అమ్మాయి లేచి "పిల్లలకు ఫోన్లో తెలుగు కథలు చెప్పే పని మొదలుపెడదాం" అంటే, "ఎంతమంది వింటారు?" అన్నది మన మొదటి ప్రశ్న కాకూడదు. "మూడు నెలలకు ఏం కావాలి, నీకు తోడు ఎవరు?" అని అడుగుదాం. వచ్చే కార్యవర్గ సమావేశంలో ఇలాంటి చిన్న మళ్ళ కోసం కొంత మొత్తం విడిగా పెట్టాలన్నది మా ప్రతిపాదన. లెక్కలు చూసేవారు ఆలోచించాలి.

హెచ్.ఎం.టి.లోనో, ఆల్విన్‌లోనో, టైటాన్‌లోనో పనిచేసిన పెద్దలు మన సభ్యుల్లో ఉంటే, దయచేసి మీ అనుభవాలు రాయండి. తెలుగులో రాయడం కష్టమైతే మాటల్లో చెప్పండి, మేము రాసుకుంటాం. ఇక్కడ మేము రాసినది బయటినుంచి చూసిన చరిత్ర. లోపలినుంచి చూసినది మీ దగ్గరే ఉంది.